నడి ఏడాదిలో పని మానేసిన బండివాడు

"జర్మన్ ముఠా రేపు సాయంత్రం కామారెడ్డి వాగు వంతెన పేల్చేస్తుంది. మిలిటరీ రైలు దాని మీదున్నప్పుడే. ముఠాకు బండి తోలేవాడు కావాలట. ఇంటర్వ్యూకి వెళ్ళు," అన్నాడు చీఫ్. "లోపల మన మనిషి ఉన్నారు. కోడ్ వర్డ్, మోదుగాకు."

1942 చలికాలం. ఏజెంట్ మార్కండేయ పుట్టి పెరిగింది హైదరాబాదులో. ధోవతి, తలపాగా, చెర్నకోల. వేషం భేషుగ్గా కుదిరింది, మనసే కుదురుగా లేదు. పాత పని ఎందుకు మానేశావంటే చెప్పాల్సిన జవాబు దారి పొడుగునా గొణుక్కుంటూనే వచ్చాడు.

కామారెడ్డిలో ముఠా ఉండే బంగళాలో, స్విస్ తోళ్ళ వ్యాపారినని చెప్పుకునే వెర్నర్ ఒళ్లో పిస్టల్ పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన పట్టుచీరలో రాజమణి. ఆమెను చూసి తడబడని మగవాడు ఆ ఊళ్ళో లేడు. ప్రశ్నలు మాత్రం గుమాస్తా బాలనర్సయ్యవి.

"ఎల్లారెడ్డి నుంచి వచ్చిన్నంటివి. ఆడ ఎవరి దగ్గర జీతమున్నవ్?"

"పటేలు దగ్గరన్నా."

"ఎందుకు ఇడ్సినవ్?"

"ఇంకో పని చూసుకుందామని. పోయిన నెల చెప్పిన, పటేలు సరే అన్నడు."

బాలనర్సయ్య నవ్వాడు. "చలికాలంల సరే అన్నడా? జీతగాడు ఉగాదికి కుదిరితె మల్ల ఉగాది దాక కదలడు. నడుమ ఇడ్సిపెట్టే పటేలు ఈడ ఇంకా పుట్టలే. ఎవర్రా నువ్వు?"

పిస్టల్ లేచింది. పట్నంలో రాజీనామా ఇచ్చినంత తేలిక అనుకున్నాడు పాపం! మార్కండేయ తలుపు వైపు చూశాడు.

"పారిపోయొచ్చినోడు నిజం చెప్తడా?" రాజమణి విసుక్కుంది. "ఎట్ల వణుకుతున్నడో సూడు. మోదుగాకు దొప్పల ఇన్ని నీళ్లు పొయ్యి. పోలీసుల కాడికి పోలేనోడే మనకు గావాలె."

మార్కండేయ ఆమె కాళ్ళ మీద పడ్డాడు. "అవునమ్మా! పటేలు కొడితె ఉరికొచ్చిన. దొరికితె సంపుతడు!" ఆ వణుకులో నటన లేదు.

వెర్నర్ పిస్టల్ దించాడు. "వీణ్ణి పనిలో పెట్టుకో," అన్నాడు గుమాస్తాతో.

మర్నాడు సాయంత్రం బెల్లం బుట్టలో టైం బాంబుతో బండి కదిలింది. పక్కన బాలనర్సయ్య. వాగు ఒడ్డున పట్టాలు దాటేచోట మార్కండేయ చెర్నకోల పిడితో అతని నెత్తిన ఒక్కటిచ్చి, బుట్టను వాగులోకి విసిరేశాడు. నీళ్లు తాటిచెట్టంత ఎత్తు లేచాయి. అదే సమయానికి బంగళాలో రాజమణి వెర్నర్ పిస్టల్‌ను వెర్నర్‌కే గురిపెట్టింది.

పేలుడుకు బెదిరిన ఎడ్లు పట్టాల మీదే మొరాయించాయి. రైలు కూత! మార్కండేయ దూకి, కాడి పట్టుకుని బలంకొద్దీ గుంజాడు. బండి అలా జరిగిందో లేదో, ఇంజన్ దాని వెనక కొయ్యను గీసుకుంటూ దూసుకొచ్చింది. వెనకాల డబ్బాల నిండా ప్రాణాలతో ఉన్న సైనికులు. మార్కండేయకు ఏడుపొచ్చేసింది.

డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు.

"ఏయ్, బండి తోలుడు రాదా? నీకు పనిచ్చిన గాడిదెవడురా?"