గడపకన్ను చెప్పని పేరు

ఇందుమతి గొంతు సవరించుకుని అరచేతిపలకను పెదవుల దగ్గరికి తెచ్చుకుంది. ఆ వేళకి కాకినాడలో సగం ఊరు పళ్లు తోముకుంటూ ఆమె మాటల కోసం చెవులప్పగించి ఉంటుంది.

“నమస్కారం. ఇవి నేటి ఇళ్ల కబుర్లు. రామారావుపేటలో ధరలు నిలకడగా ఉన్నాయి. గాంధీనగరం పార్కు ఎదుటి వరుస కాస్త పైకి లేచింది. అక్కడి కుక్కలు రాత్రిళ్లు అరవడం మానేశాయి. జగన్నాథపురం వంతెన దగ్గర ఒక రెండంతస్తుల ఇల్లు ఎరుపులోకి దిగింది. కారణం, అల్లుడుగారు అలిగి వెళ్లిపోవడం. కొనాలనుకునేవారు తొందరపడండి, అల్లుడుగారు తిరిగొస్తే ధర కూడా తిరిగొస్తుంది. అమ్మేవారికి నేటి సలహా: ఇల్లు చూడటానికి మనుషులొచ్చే వారంలో ఎండుచేపలు వేయించకండి. తగువులేమైనా ఉంటే బీచ్‌కి వెళ్లి తేల్చుకోండి.”

నవ్వుతాలుకు చెప్పిన సలహా కాదది. సాయంత్రం బీచ్‌కి వెళ్లి చూస్తే మొగుడూ పెళ్లాలు జంటలు జంటలుగా నిలబడి, చేతులు తిప్పుకుంటూ, గొంతులు చించుకుంటూ కనబడతారు. కడుపులో ఉన్నదంతా కక్కేశాక కాళ్లకంటిన ఇసుక దులుపుకుని ఇంటికొచ్చి, నవ్వుముఖాలతో గడప దాటుతారు. గడపలో కన్నుంది మరి.

గడపకన్ను వచ్చి ఒక తరం దాటింది. అంతకుముందు ఇల్లు కొనడమంటే కొరివితో తల గోక్కోవడమే. ఒకే స్థలాన్ని ముగ్గురికి రిజిస్ట్రేషన్ చేసేవాళ్లు కొందరు, చెమ్మ పట్టిన గోడకి రాత్రికి రాత్రి రంగు పూసేవాళ్లు మరికొందరు. ఆ బాధ పడలేక చట్టం తెచ్చి, ప్రతి గుమ్మంలోనూ గడప కొయ్యలో బియ్యపుగింజంత కన్నును బిగించారు. గోడల పగుళ్లు, పత్రాల్లో తేడాలు, వంటింటి వాసనలు, గొంతుల హెచ్చుతగ్గులు, గడప దాటే పాదాల బరువు, అన్నిటినీ అది గమనిస్తూనే ఉంటుంది. గమనించినదాన్ని బట్టి గుమ్మం పైనున్న ధరపలక రంగు మారుతుంది. ఆకుపచ్చ ఉంటే నిశ్చింత, పసుపు పడితే జాగ్రత్త, ఎరుపు వస్తే ఆ ఇంటి వంక ఎవరూ చూడరు. ధర ఎందుకు జారిందో యజమాని అరచేతిపలకలో కారణం కూడా కనబడుతుంది. ఇళ్ల వ్యాపారంలో మోసం పూర్తిగా పోయింది. ఎవరెన్ని అన్నా ఆ ఒక్క మాట ఒప్పుకోవాలి.

కబుర్లు ముగించి, పాలప్యాకెట్టు తీసుకుందామని ఇందుమతి తలుపు తీసింది. అలవాటుగా పైకి చూసింది. తమ ధరపలక పసుపుపచ్చగా వెలుగుతోంది.

అరచేతిపలక తెరిచి చూస్తే, కారణం రాయవలసిన చోట ఏమీ లేదు.

కారణం లేని జారుడంటే ఏమిటో మామూలు జనానికి తెలియదు గానీ ఇందుమతి లాంటి గృహసలహాదారులకు బాగా తెలుసు. మనవాళ్లు ఏ లోటుకైనా సర్దుకుంటారు గానీ చావు జరిగిన ఇంటికి సర్దుకోలేరు. ధనిష్ఠాపంచకంలో ఎవరైనా పోతే ఆ ఇంటికి నెలల తరబడి తాళం పెట్టే ఆచారం ఇప్పటికీ పోలేదు. నక్షత్రం మంచిదే అయినా కొనేవాడి మనసు పీకుతూనే ఉంటుంది. ఈ భయాన్ని గడపకన్నుకు ఎవరూ నేర్పలేదు. వేల ఇళ్లను చూసి అదే నేర్చుకుంది. గడప మీద అడుగుల బరువు ఎలా తగ్గితే, ఊపిరి ఎలా మారితే, కొన్నాళ్లకి ఆ ఇల్లు అమ్ముడుపోకుండా పడి ఉంటుందో దానికి అర్థమైంది. మధ్యలో జరిగేదాన్ని చావంటారని దానికి తెలియదు. ధరను మాత్రం ముందుగానే దించడం మొదలుపెట్టింది. జబ్బు పేరు చెప్పదు, మనిషి పేరు అసలే చెప్పదు.

అలాంటి ఇళ్ల కోసమే ఉప్పాడ రోడ్డులో సెలవిళ్లు వెలిశాయి. సముద్రానికి ఎదురుగా గదులు, మంచాలు, చూసుకునే ఆయాలు. “ఇంట్లో పెద్ద జబ్బు మనుషులుంటే అమ్మకం ముగిసేదాకా సెలవింట్లో ఉంచండి, త్వరలోనే ధర కోలుకుంటుంది” అని మొట్టమొదట సలహా చెప్పింది ఇందుమతే. అమ్మకాలు ముగిసినా ఆ మనుషుల్లో తిరిగొచ్చినవాళ్లు లేరన్న సంగతి ఆమెకి తెలియనిది కాదు. తెలిసినా దాని గురించి ఎప్పుడూ కూర్చుని ఆలోచించలేదు.

ఇంట్లో ఉండేది ముగ్గురే. తను, భర్త భీమశంకరం, తన అక్క రాజ్యలక్ష్మి. ఇందుమతికి ఊహ తెలియకముందే తల్లి పోతే, పదహారేళ్ల రాజ్యలక్ష్మి ఆమెను చంకనెత్తుకుంది. పోర్టు ఆఫీసులో ఉద్యోగం చేసి చదివించింది. ఎవరైనా పెళ్లి మాట ఎత్తితే “దీనికయ్యాక చూద్దాం” అని నవ్వేసేది, ఆ చూడటం ఎన్నటికీ జరగలేదు. ఇప్పుడామెకి మోకాళ్లు పట్టేశాయి, చలికాలం నుంచి దగ్గు వదలడం లేదు. మూడో అంతస్తు ఎక్కలేక దిగలేక అవస్థ పడుతోందనే ఈ వాటా అమ్మేసి, సామర్లకోటలో నేల మీద చిన్న ఇల్లు కొనాలని బయానా ఇచ్చారు. తుని నుంచి కొనేవాళ్లు రావడమే తరువాయి.

“వదినగారి దగ్గు మామూలుదేనని డాక్టరు చెప్పాడు కదే,” అన్నాడు భీమశంకరం, ఇడ్లీ తుంచడం ఆపి.

“డాక్టరుదేముందండీ, పది నిమిషాలు చూస్తాడు. కన్ను రోజంతా చూస్తుంది,” అంది ఇందుమతి. అనేశాక తన గొంతు తనకే పరాయిగా తోచింది.

భీమశంకరం మళ్లీ ఇడ్లీ తుంచుకున్నాడు. ఈ ఊళ్లో ధరపలకతో వాదించినవాళ్లెవరూ లేరు.

సాయంత్రానికి అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటు సూర్యారావుగారు వచ్చారు. ఒక వాటా ధర జారితే పక్క వాటాలను కూడా లాగుతుంది కాబట్టి, ఆయన రావడం వింతేమీ కాదు.

“మీకు చెప్పేంతటోణ్ణి కాదండమ్మా. ఊరందరికీ చెప్పేదే మీరు,” అన్నారాయన కాఫీ గ్లాసు అందుకుంటూ. “మా అమ్మాయి వాటా కూడా అమ్మకానికుందండి, ఆయ్. పొద్దున్నించి అదీ దిగుతోందండి. పెద్దమ్మగారిని మేం పొమ్మంటామా అండి, ఆవిడ మాకు మాత్రం కానివారా? మీరు చెప్పే సలహాయే, ఓసారి మీకు గుర్తు చేద్దామనీ...”

కాఫీ తాగి, ఎంత వారిస్తున్నా వినకుండా గ్లాసు తానే కడిగి బోర్లించి వెళ్లారు. అంత మర్యాదస్తుణ్ణి తిట్టుకోవడానికి కూడా ఇందుమతికి నోరు రాలేదు.

రాజ్యలక్ష్మి వంటింటి గట్టు దగ్గర కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఇందుమతి వెళ్లి పక్కన నిలబడింది.

“అక్కా, ఒక మాట...”

“ఉప్పాడ రోడ్డులో ఏది బాగుంటుందే? సముద్రం కనబడేదే చూడు. గాలన్నా తగులుతుంది,” అంది రాజ్యలక్ష్మి తలెత్తకుండానే.

ఇందుమతి ఆమె వంకే చూసింది.

“అలా చూస్తావేం? నీ కబుర్లు రోజూ వినేది నేనే కదే. పలక నేనూ చూశాను. సామర్లకోట ఇల్లు నాకోసమే కదా కొంటున్నారు, అది కాస్తా చెయ్యి జారిపోతే నేనే బాధపడాలి.”

“అమ్మకం అయ్యేదాకానే అక్కా.”

“అలాగేలే. ఆ గిన్నె ఇలా అందుకో.”

ఏడవలేదు, నిష్ఠూరమాడలేదు. నాలుగు మాటలని ఉంటే ఇందుమతికి ఎంతో తేలిగ్గా ఉండేది. ఆ రాత్రి చిక్కుడుకాయ కూరను ఆమె కంచం పక్కకి నెట్టేసింది.

సెలవింటికి బయల్దేరి మెట్లు దిగుతున్నప్పుడు రాజ్యలక్ష్మి అంతస్తు అంతస్తుకీ ఆగింది. తలుపు తీసి ఉన్న ప్రతి ఇంటినీ పలకరించింది. “కాస్త గాలి మార్పుకండీ. వచ్చేస్తాను,” అంది. వాళ్లు కూడా “అలాగే వచ్చేయండి పెద్దమ్మగారూ” అన్నారు. ఆమె వెనక తలుపులు చప్పుడు కాకుండా మూసుకున్నాయి.

ఆ తర్వాత భీమశంకరానికి నిద్ర లేవగానే గుమ్మం బయటికి వెళ్లి తల పైకెత్తడం ఒక పనైపోయింది. పసుపు ముదిరింది. నారింజ రంగైంది. వారం తిరిగేసరికి పలక ఎర్రగా కూర్చుంది.

“ఇన్నేళ్లు మసిలిన ఇల్లు కదా. ఆవిడ వాసన పోవాలంటే టైం పడుతుందేమో,” అన్నాడతను. చెడ్డ మనిషి కాదు, తోచిన మాట అన్నాడు. అయినా ఆ మాటకి ఇందుమతికి ఒళ్లు మండిపోయింది. అక్క దుప్పటి మడత మీద ముఖం పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఏడుపు తన్నుకొస్తున్నా గట్టిగా ఏడవడానికి లేదు, గడపకన్ను వింటుంది.

మర్నాడు కబుర్లు చెప్తూ చెప్తూ, అమ్మేవారికి సలహా దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. “ఈ రోజు సలహా ఏమీ లేదు,” అని ముగించేసింది. నాలుగు బట్టలు సంచిలో కుక్కుకుని, “కొన్నాళ్లు అక్క దగ్గరుంటానండీ,” అని భర్తతో చెప్పి బయల్దేరింది.

సెలవింటికి గడపే లేదు, ఇక కన్ను సంగతెందుకు! కొనేవాళ్లుండని ఇల్లు కనక ధరపలక కూడా పెట్టలేదు. అందుకే కాబోలు, వరండాలో ఎవరో బావురుమని ఏడుస్తున్నా ఎవరూ వారించడం లేదు. ఇందుమతి అలాంటి ఏడుపు విని ఎన్నేళ్లయిందో. వరండా చివర రాజ్యలక్ష్మి మరో ముగ్గురిని కూర్చోబెట్టుకుని గవ్వలు వేస్తోంది.

“నాలుగు మెట్లెక్కి ఆ రొప్పడమేంటే?” అంది చెల్లెల్ని చూడగానే.

“ఎండక్కా.”

రాజ్యలక్ష్మి ముఖం నిగనిగలాడుతోంది. రెండు పూటలా అన్నం తింటోంది. దగ్గు దాదాపు పోయింది. అక్కడుండగానే ఒక ఉదయం సెలవింటి డాక్టరు ఇందుమతిని పక్కకి పిలిచాడు.

“అన్ని పరీక్షలూ చేశామండి. మీ అక్కగారికి మోకాళ్లు తప్ప ఏ జబ్బూ లేదు. ఈవిణ్ణెందుకు తెచ్చారో నాకర్థం కాలేదు,” అన్నాడు.

ఇందుమతికి పట్టలేని సంతోషం కలిగింది. అంటే కన్ను పొరబడింది! ఇన్నేళ్లలో ఎవరికీ తట్టని సంగతి. కబుర్లలో ఊరందరికీ చాటి చెప్పాలి. మీ ఇళ్లలోవాళ్లని వెనక్కి తెచ్చుకోండి, పలక అబద్ధం చెప్తుందని చెప్పాలి. పరుగున గదిలోకి వచ్చి, “అక్కా, నీకేం లేదట! పద, ఇంటికి పోదాం,” అంది. రాజ్యలక్ష్మి నమ్మనట్టు ఒక్క క్షణం చూసి, చిన్నపిల్లలా నవ్వి, మేకుకి తగిలించిన చీర తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది.

అప్పుడే అరచేతిపలక మోగింది. భీమశంకరం గొంతు గదంతా వినబడింది.

“ఇందూ! ఆకుపచ్చకొచ్చేసిందే! సూర్యారావుగారు కాజాలు పంచిపెడుతున్నారు. తునివాళ్లు ఎల్లుండే సంతకాలకొస్తారట. నేను చెప్పలా, కాస్త ఆలస్యంగా పనిచేసిందంతే. నువ్వు వెళ్లిన మర్నాటినుంచే కొద్దికొద్దిగా ఎక్కుతోంది. నీకు ఆశపెట్టడమెందుకని ఊరుకున్నాను.”

ఇందుమతి మంచం అంచున కూర్చుంది.

“నేను వచ్చిన మర్నాటినుంచా అండీ?”

“అవునే. ఏం?”

ధర తిరిగి లేచిందని ఎవరు చెప్పినా సలహాదారు మొదట అడిగేది ఒకటే. ఇంట్లోంచి ఎవరు వెళ్లాక లేచింది? ఆ ప్రశ్న ఆమె ఎందరినో అడిగింది. అక్క వెళ్తే ధర లేవలేదు, ఇంకా దిగింది. తను వెళ్లాక లేచింది. కన్ను పొరబడలేదు. పేరు చెప్పలేదంతే. పేరు తామే పెట్టుకున్నారు.

అవతల భర్త సంబరంగా ఇంకా ఏదో చెప్తున్నాడు. అతనికి ఇంకా తట్టలేదు. తట్టకముందు ఆ గొంతు ఎంత హాయిగా ఉందో అనిపించి, ఆమెకి కళ్లు నిండాయి.

“వింటున్నావా? నువ్వు వెంటనే బయల్దేరి వచ్చేయ్. సంతకాలయ్యాక వదినగారిని కూడా తెచ్చేసుకుందాం.”

“సంతకాలు కానివ్వండి. అప్పటిదాకా నేనిక్కడే ఉంటాను,” అంది ఇందుమతి. అతను ఎందుకని అడిగేలోపు పలక మూసేసింది. ఇంతమందికి చెప్పిన సలహా తన నోటినుంచి తనకే ఇంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆమెకి తెలియలేదు.

ఆయా గుమ్మంలోంచి తొంగిచూసింది. “పెద్దమ్మగారు ఇంటికెళ్లిపోతున్నారంటగా అండి. ఈ గది వేరేవాళ్లకి ఇచ్చేయమంటారా?”

“ఇవ్వకమ్మా. ఆవిడే వెళ్తుంది,” అంది ఇందుమతి. “గది నాకు కావాలి.”

రాజ్యలక్ష్మి చేతిలో చీర సగం మడతలో ఆగిపోయింది. రోజూ ఇళ్ల కబుర్లు వినే మనిషి ఆమె. భీమశంకరం చెప్పినదంతా ఆమె కూడా విన్నది. చెల్లెలి ముఖంలోకి చూసింది. వదులై మోచేతి దాకా జారిన గాజుల్ని చూసింది. “నా తల్లే,” అంది. చీరను మళ్లీ మేకుకి తగిలించింది. సంచిని కాలితో మంచం కిందకి తోసింది. చెల్లెలి పక్కన కూర్చుని, ఆమె తలను తన భుజానికి లాక్కుంది.

“ఇంకో మంచం వేయించమ్మా,” అంది ఆయాతో.