పద్నాలుగో గేటు ఇల్లాలు

"మీ రైలు ఇక్కడే కాపురం పెడుతుందా, ముందుకేమన్నా కదులుతుందా?"

మెరిన్ తను నడుపుతున్న స్కూలు బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది. వెనక ఇరవైముగ్గురు పిల్లలు ఆకలితో గోల పెడుతున్నారు. ఎదురుగా యాలిన్ క్రీక్ రోడ్డుకు అడ్డంగా గోధుమల గూడ్సు, ఎర మింగిన కొండచిలువలా పడి ఉంది.

ఇంజను కిటికీలోంచి ఒకతను తొంగి చూశాడు. "సిగ్నలు పడలేదండీ. నన్నేం చెయ్యమంటారు?"

"దిగి తోసుకెళ్లండి!"

పిల్లలు ఘొల్లుమన్నారు. అతనూ నవ్వాడు. ఆ నవ్వు చూసి మెరిన్‌కు ఇంకా ఒళ్లు మండింది. దారికి అడ్డంపడ్డ మనిషికి అంత చక్కటి పలువరస ఇవ్వడమేమిటి దేవుడు!

ఆ శనివారం పాత గూడ్సు షెడ్డుకు వెళ్తే, అక్కడ బల్ల వెనక కూర్చున్నదీ ఆ పలువరసే. పేరు రూబెన్ షిర్మర్. వారమంతా గూడ్సు నడుపుతాడు, శనివారాలు షెడ్డులోని రైల్వే మ్యూజియం తలుపులు తీస్తాడు.

"తోసుకొచ్చారా రైలుని?" అంది మెరిన్.

"నడుం పట్టేసింది. అందుకే కూర్చున్నాను. చెప్పండి, ఏం కావాలి?"

ఏం కావాలో ఊరందరికీ తెలుసు. ఆ రైలు లైను వేసి నూరేళ్లు దాటాయని ఊళ్లో ఉత్సవం తలపెట్టారు. మొదటి ఇరవై ఏళ్లలో లైను మీద కనీసం ఏడాదైనా పనిచేసినవాళ్ల పేర్లు రాయి మీద చెక్కిస్తున్నారు. మెరిన్ అమ్మమ్మ జెస్సాకు ఎనభైఆరు నిండాయి. తన ముత్తాత జాగో ట్రెజైస్ పద్నాలుగో గేటు పద్దెనిమిదేళ్లు కాశాడనీ, ఆ పేరు రాయి మీద చూసుకుని గానీ పోననీ ఆవిడ ఒకటే పోరు. చెప్పిందే చెప్పి, చెప్పిందే చెప్పి, ఇంట్లో కుక్కకు కూడా జాగో కథ కంఠతా వచ్చేసింది.

రూబెన్ రిజిస్టరు తిరగేశాడు. "జాగో ట్రెజైస్. ఉన్నాడండీ. లైను కూలీ. నాలుగు నెలలు. ఆ తర్వాత ఎక్కడా లేడు."

"పద్దెనిమిదేళ్లు!"

"నాలుగు నెలలకీ పద్దెనిమిదేళ్లకీ తేడా నాకు తెలుసండీ. రాయి మీద ఎక్కాలంటే ఏడాది పనికైనా రైల్వే కాగితం ఉండాలి. రూలంటే రూలు."

"ఉంటుంది. నేను వెతుకుతాను. మీ పెట్టెలన్నీ దింపండి."

"నలభై పెట్టెలున్నాయి."

"నాకు రెండు చేతులున్నాయి."

పట్టుదలంటే మెరిన్‌దే. ఒక శనివారం, రెండు శనివారాలు, నాలుగు. ముక్కులో దుమ్ము, చేతులకు సిరా, మోకాళ్ల మీద చెదలు కొట్టిన కాగితాలు. ఆమె తుమ్మినప్పుడల్లా రూబెన్ రుమాలు జరిపేవాడు. మూడో వారం వాళ్లమ్మ చేసిన క్వాండాంగ్ అనే అడవిపళ్ల తీపిరొట్టె పట్టుకొచ్చాడు.

"తినండి. ఆకలితో వెతికితే అక్షరాలు కనపడవు."

"మీ అమ్మగారి చేతిలో తీపి ఉంది. అదంతా ఆవిడే వాడేసుకున్నట్టున్నారు, కొడుక్కి మిగల్చకుండా."

"ఇన్ని మాటలన్నాక ఇంకా 'మీరు' ఎందుకు? 'నువ్వు' అని తిట్టండి, హాయిగా ఉంటుంది."

"సరే, ఆ రెండో ముక్క ఇటు ఇవ్వు."

అయిదో శనివారం వాన వచ్చింది. ఆర్నెల్లుగా మొహం చాటేసిన వాన, రేకుల కప్పు మీద దబదబా దరువు వేసింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా గుమ్మంలోకి పరుగెత్తారు. ఎర్రమట్టి వాసన, ఆమె జుట్టు మీద చినుకులు. రూబెన్ వానను చూస్తున్నాడో ఆమెను చూస్తున్నాడో చెప్పడం కష్టం. మెరిన్ మాత్రం కనిపెట్టింది, కనిపెట్టనట్టు ఊరుకుంది.

లోపలికొచ్చి ఆఖరి పెట్టె మూత పెట్టింది. "అయిపోయాయి. ఇంకేమీ లేదా?"

రూబెన్ తటపటాయించాడు. తర్వాత బీరువా తాళం తీశాడు.

"ఇదొక్కటుంది. స్టేషన్ మాస్టరు ఉత్తరాల నకళ్ల పుస్తకం. బయటివాళ్లకు చూపించం. ఆ మాస్టరు మా ముత్తాతకు తండ్రి. నిమిషం ఆలస్యమైందని కట్టుకున్న పెళ్లాన్ని ప్లాట్‌ఫారం మీద వదిలేసి రైలు పంపేశాడట. రాయి మీద మొదటి పేరు ఆయనదే."

"మరి నాకెందుకు చూపిస్తున్నావు?"

"నువ్వు బయటిదానివి కాదనిపించింది," అని గబుక్కున బల్ల మీది పాత రైల్వే లాంతరు తుడవడం మొదలెట్టాడు. అది అప్పటికే తళతళలాడుతోంది.

ఉల్లిపొర లాంటి కాగితాలు. మెరిన్ వేలితో మెల్లగా తిప్పింది. ఆర్నెల్లకోసారి పైఆఫీసుకు పంపిన తనిఖీ రిపోర్టులు.

"'పద్నాలుగో గేటు. ట్రెజైస్ లైను పనిమీద వెళ్లాడు. భార్య గేటు చూస్తోంది. అంతా సక్రమం.' రూబెన్! దొరికాడు!"

"చదువు, చదువు."

తర్వాతి ఆర్నెల్లకు అదే మాట. ఆ తర్వాతా అదే మాట. మెరిన్ లెక్కపెట్టుకుంటూ వెళ్లింది. ముప్పైఆరు రిపోర్టులు, ముప్పైఆరుసార్లు అవే మూడు ముక్కలు. ఆమె గొంతులో సంతోషం కాస్త కాస్త తగ్గింది.

"ఒక్క తనిఖీకి కూడా మనిషి ఇంట్లో లేడేం? లైను పనికెళ్లాడా, చంద్రమండలానికెళ్లాడా?"

రూబెన్ చేతిలో గుడ్డ ఆగిపోయింది. "అప్పట్లో గేటింట్లో లైను కూలీని కాపురం పెట్టించేవారు. గేటు తియ్యడం పెళ్లాం పని. మొగుడు లైను మీద లేడని తెలిస్తే ఇల్లూ పోతుంది, పనీ పోతుంది. వారం తిరక్కుండా ఖాళీ చేయించేవారు."

"అంటే జాగో..."

"నాలుగు నెలలకే పారిపోయాడు. గేటు కాసింది ఆవిడ."

"తాంసిన్," అంది మెరిన్ మెల్లగా. అమ్మమ్మ కథలో ఆ పేరు ఎక్కడో పిల్లల్ని ఎత్తుకుని మూల నిలబడి ఉండేది. "పద్దెనిమిదేళ్లు. ఎండలో, వానలో. ముగ్గురు పిల్లలతో."

"మా మాస్టరుకి తెలుసు. తెలిసీ ముప్పైఆరుసార్లు అబద్ధం రాశాడు."

రూబెన్ మొహం పాలిపోయింది. పుస్తకం ఆమె చేతుల్లోంచి తీసుకుని మూశాడు.

"దాచేస్తావా?"

"మా నాన్నకు ఈ పుస్తకం దేవుడి గదితో సమానం మెరిన్. ఇవాళ్టికి షెడ్డు మూస్తాను."

"దాచేస్తావా అని అడిగాను!"

అతను పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆమె వానలోకి నడిచింది.

నాలుగు రోజులు ఫోను మోగలేదు. అమ్మమ్మకు ఏమని చెప్పాలి? చిన్నప్పట్నుంచీ పొగిడిన మనిషి పిరికివాడని ఏ నోటితో చెప్పేది? కానీ చెప్పకపోతే, తాంసిన్ ఇంకో నూరేళ్లు మూలనే నిలబడాలి. మెరిన్ గట్టిగా నిశ్చయించుకుంది. రాయి చెక్కేవాడికి పేర్ల పట్టీ ఇచ్చేది బుధవారం.

బుధవారం మధ్యాహ్నం ఊరి హాలు నిండింది. ఉత్సవ కమిటీ పెద్ద నొరీన్ హాగర్టీ బల్ల వెనక, ముందు వరసలో రూబెన్ నాన్న, ఆ పక్కన కొత్త టోపీ పెట్టుకుని జెస్సా అమ్మమ్మ.

మెరిన్ లేచి నిలబడింది. "పద్నాలుగో గేటు కాసింది జాగో కాదు. అతను పారిపోయాడు. కాసింది అతని భార్య తాంసిన్. ఆవిడ పేరు చెక్కాలి."

అమ్మమ్మ టోపీ ఒక్కసారి ఇటు తిరిగింది.

"కాగితమేదమ్మా?" అంది నొరీన్.

"ఉంది. ఎక్కడుందో చెప్పను. అది బయటపెట్టడం నా చేతిలో లేదు."

"కాగితం లేందే మేమెలా..."

"నా దగ్గరుంది," అన్నాడు వెనకనుంచి రూబెన్.

ముందుకొచ్చాడు. తండ్రి వైపు చూడలేదు. పుస్తకం తెరిచి, తేదీతో సహా ఒక్కొక్కటే చదివాడు. ట్రెజైస్ లైను పనిమీద వెళ్లాడు. భార్య గేటు చూస్తోంది. అంతా సక్రమం. అయిదోదానికి జనం నవ్వారు. పదిహేనోదానికి నవ్వు ఆగిపోయింది. ముప్పైఆరోది చదివేసరికి నొరీన్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటోంది.

రూబెన్ నాన్న లేచాడు. "అంటే మా పెద్దాయన అబద్ధాలకోరనేనా నువ్వనేది?"

"కూర్చోవయ్యా," అంది జెస్సా అమ్మమ్మ, కర్ర ఆన్చుకుని తను లేస్తూ. "ఇంతకాలం పారిపోయిన వెధవను నెత్తిన పెట్టుకుని ఊరేగింది నేను. సిగ్గుపడాల్సినదాన్ని నేనుండగా నీకెందుకు తొందర? రైలుకోసం పెళ్లాన్నే వదిలేసిన మనిషి మీ పెద్దాయన. అలాంటివాడు తన మాట, తన ఉద్యోగం రెండూ పణంగా పెట్టి ఒక ఆడదాని గూడు నిలబెట్టాడు. ఆ పిల్లల్లో ఒకడు మా తాత. ఆయన రాయకపోతే నేను లేను, ఇదిగో ఈ పిల్లా లేదు."

రూబెన్ నాన్న మెల్లగా కూర్చున్నాడు.

"నొరీన్, నేనడిగిన జాగో పేరు కొట్టెయ్. తాంసిన్ అని రాయి. షిర్మర్ మాస్టరు పక్కనే రాయి. ఆ గేటు ఇద్దరూ కలిసి కాశారు."

నొరీన్ ఎవర్నీ అడక్కుండానే రాసేసింది.

అమ్మమ్మ అప్పుడు రూబెన్ వైపు తిరిగింది. "ఇక నీ సంగతి. ఒక్క నిజం చెప్పడానికి నాలుగు రోజులు తీసుకున్నావు, మా పిల్ల ఫోను వంకే చూస్తూ కూర్చుంది. రెండోది ఎప్పుడు చెబుతావు నాయనా? నాకు ఎనభైఆరేళ్లు, తొందరగా కానీ."

రూబెన్ చెవులు ఎర్రబడ్డాయి. పుస్తకం అటూ ఇటూ మార్చుకున్నాడు.

"నాలుగు రోజులూ నేను భయపడింది పుస్తకం గురించి కాదు మెరిన్. చదివేస్తానని ఆ రాత్రే అనుకున్నాను. అంత కోపంగా వెళ్లావు కదా, ఇక రావేమోనని. నువ్వు రాని శనివారం నాకొద్దు."

"శనివారాలు మాత్రమేనా?" అంది మెరిన్. "నాకు మిగతా ఆరు రోజులు కూడా కావాలి."

ముందు వరసలో కర్ర నేలకేసి టక్కుమంది. "ఏమందే? నాకు వినపడలేదు, గట్టిగా చెప్పు!"

మెరిన్ గట్టిగానే చెప్పింది.