పెదబండ గుర్తు

టెక్కలిలో వీడియో గేములు చేసే కంపెనీ ఉందంటే నవ్వినవాళ్లే ఎక్కువ. అది మూతపడుతోందని తెలిసినప్పుడు వాళ్లే ఇంకాస్త గట్టిగా నవ్వారు. నవ్వనివ్వండి. ఆ మేడమీద రెండు గదుల్లో కూర్చుని ఆరుగురు చేసిన ఆటను మూడు లక్షల మంది ఆడారన్న సంగతి వాళ్లకు తెలియదు, చెప్పినా నమ్మరు.

గురువారం ఉదయం పలాసలో, జీడిపప్పు దుకాణం పైనున్న గౌరీశ్వరి ఆఫీసుకు వచ్చిన ఐశ్వర్య మాత్రం నవ్వే స్థితిలో లేదు. నందిగాం రైతు కుటుంబంలో పుట్టిన ఆమె ఏడేళ్ల కిందట ఈ అలివి గేమ్స్‌ను మొదలుపెట్టింది. ఇచ్చిన మంచినీళ్లు తాగకుండా గ్లాసు పట్టుకునే కూర్చుంది.

గౌరీశ్వరి ఇరవై ఏళ్లు కోర్టులో గుమస్తాగా పనిచేసి, దొంగ సాక్ష్యాలు విని విని విసుగెత్తి ప్రైవేటు డిటెక్టివ్ అయిన మనిషి. ఆమె సహాయకుడు విజయ్ ఒకప్పుడు ఇన్సూరెన్స్ ఏజెంటు. అబద్ధం ఎదుటివాడి నోట్లోంచి రాకముందే ఆవిడకు వినిపిస్తుందని అతని గట్టి నమ్మకం.

ఐశ్వర్య చెప్పిన సంగతి ఇది. స్టూడియోను కొనుక్కున్న హైదరాబాద్ సంస్థ దాన్ని మూసేస్తోంది. బతిమాలి, పోట్లాడి ఆమె ఒక్క ఒప్పందం సాధించింది. సముద్రంలో చేపలు దొరికే బండను పడవలో వెతుక్కుంటూ వెళ్లే ‘పెదబండ’ అనే వాళ్ల ఆట చివరి రూపం ఒక డిస్కులో ఉంది. కంపెనీవాళ్లు దానికి సీలు వేసి, మిగతా కాపీలన్నీ తీసుకుపోయారు. శుక్రవారం నాలుగు గంటల్లోపు కంపెనీ మనిషి ఎదుట ఆ సీలు విప్పి, ఉన్నది ఉన్నట్టుగా ఆటను జనానికి విడుదల చేస్తే, ఆ తర్వాత ఆట టీముదే. చేయలేకపోతే ఆట శాశ్వతంగా మూత. బుధవారం మధ్యాహ్నం బీరువాలోంచి ఆ డిస్కు పోయింది.

“పోలీసుల దగ్గరికి వెళ్తే, డిస్కు పోగొట్టుకున్నానని ఒప్పుకున్నట్టే మేడమ్. అదే చాలు వాళ్లకి” అంది ఐశ్వర్య. “ఏడేళ్లు మేడమ్. ఊరికే ఇచ్చీడానికి నాకు మనసు రావట్లేదు.”

“ఇవ్వొద్దు” అంది గౌరీశ్వరి, చెప్పులు వేసుకుంటూ.

టెక్కలి స్టూడియోకు వెళ్లి చూస్తే బీరువా తాళం పగల్లేదు. తాళంచెవి గోడమేకుకే ఉంటుంది, అందరికీ తెలుసు. బుధవారం అందరూ కలిసి చివరి భోజనానికి హోటలుకు వెళ్లారు. ఆ గంటలో మేడమీదికి వచ్చినవాళ్లు ముగ్గురే. ఫోను మాట్లాడాలని భోజనం మధ్యలో లేచి వచ్చిన ప్రోగ్రామర్ గౌతమ్, హెల్మెట్ మరిచిపోయానని వెనక్కి వచ్చిన అనిల్, గదులు చూసుకోవడానికి వచ్చిన ఇంటి యజమాని కృష్ణారావు.

కృష్ణారావు తనకేం తెలియదన్నాడు. గదులు కోచింగ్ సెంటరుకు మాట్లాడుకున్నాననీ, వీళ్లు ఖాళీ చేస్తే చాలుననీ, బొమ్మలాటకు డిటెక్టివ్ ఏమిటనీ సణిగాడు. గౌతమ్‌కు హైదరాబాద్‌లో ఇంకో కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఆ సంగతి స్నేహితులకు చెప్పలేక దాచాడు. అడగ్గానే ముఖం ఎర్రబడింది. ఇక అనిల్ భావనపాడు కుర్రాడు, ఇరవై ఆరేళ్లవాడు, ఆటలోని సముద్రమంతా అతని చేతి పనే. అడిగినదానికి తిన్నగానే జవాబిచ్చాడు గానీ ఐశ్వర్య వైపు చూడలేదు.

“గౌతమే మేడమ్. ఉద్యోగం దాచినవాడు డిస్కు దాచడా?” అని విజయ్ గుసగుసలాడాడు.

గౌరీశ్వరి వినిపించుకోలేదు. ఆమె గోడ చూస్తోంది. ఆట మొదటి రోజుల నుంచి చివరిదాకా బొమ్మలన్నీ అక్కడ వరసగా అంటించారు. చివరన నాలుగు పిన్నులున్నాయి, కాగితం లేదు. అదేమిటని అడిగితే, చివరి రూపంలోని సముద్రాన్ని సీలు పడకముందే ఫోటో తీసుకుని, బుధవారం పొద్దున తనే ప్రింటు తీసి పెట్టానన్నాడు గౌతమ్. భోజనమయ్యాక చూస్తే లేదట, ఎవరో జ్ఞాపకంగా తీసుకున్నారనుకున్నాడట. అదృష్టం కొద్దీ అతని ఫోనులో ఫోటో ఉంది.

గౌరీశ్వరి ఆ ఫోటోను పక్కనున్న పాత బొమ్మ దగ్గర పెట్టి చూసింది. రెండింట్లోనూ పడవలోంచి చూస్తే ఒడ్డు కనిపిస్తుంది. పాతదాంట్లో ఊరి నీళ్లట్యాంకు కొండకు ఎడమ పక్కన ఉంది. కొత్తదాంట్లో సరిగ్గా జంట తాటిచెట్ల మధ్యకు వచ్చింది. విజయ్ కూడా చూశాడు, బొమ్మ బాగుందన్నాడు.

మధ్యాహ్నం ఇద్దరూ భావనపాడు వెళ్లారు. అనిల్ తండ్రి ఢిల్లీరావు ఎండుచేపలు తిరగేస్తున్నాడు. ఆటలో దారి చూపే ముసలమ్మ గొంతు అతని తల్లి అసిరమ్మది. ఆమె పోయి ఏడాదైంది. ఆట మూసేస్తే ఆ గొంతు కూడా పోతుందని తెలిసినప్పటి నుంచి అతనికి అన్నం సయించడం లేదు. డిస్కు పోయిన సంగతి అతనికింకా తెలియదు, గౌరీశ్వరి చెప్పలేదు. ఆటలో చేపలు దొరికే ఆ బండ చోటు నిజమైనదేనా అని మాత్రం అడిగింది.

ఢిల్లీరావు మొదటిసారి నవ్వాడు. సముద్రంలో బండ ఉన్నచోటికి ఒడ్డుమీది రెండు గుర్తులు ఒక గీతలోకి తెచ్చుకుని వెళ్తారని, ఎవరింటి గుర్తు వాళ్లదేనని, పక్క పడవవాడికి కూడా చెప్పరని వివరించాడు.

“ఆ పిల్లలకి నిజం సెప్పీత్తానేటమ్మా? ట్యాంకు కొండకి ఎడంపక్కనుంటాదని సెప్పీసినాను. అసలు గుర్తు నాకు తెలుసు, నా కొడుక్కి తెలుసు. మూడోవోడికి తెలవదు.”

తిరుగుదారిలో గౌరీశ్వరి మర్నాడు ఎవరెవరిని పిలవాలో వేళ్లమీద లెక్కపెట్టుకుంది. విజయ్‌కు అర్థం కాలేదు గానీ, కేసు తేలిపోయిందని మాత్రం తెలిసింది.

శుక్రవారం మూడున్నరకు అందరినీ స్టూడియోలో కూర్చోబెట్టింది. ఐశ్వర్య, గౌతమ్, అనిల్, కృష్ణారావు, గౌరీశ్వరి కబురు పంపితే వచ్చిన ఢిల్లీరావు, హైదరాబాద్ నుంచి కాగితాలతో దిగిన కంపెనీ మనిషి సుష్మ. డిస్కు లేదని వినగానే సుష్మ కాగితాలు సర్దుకోబోయింది.

“కూర్చోండమ్మా, మీ గడువు నాలుగింటికి. ఇంకా అరగంట ఉంది” అంది గౌరీశ్వరి.

తర్వాత ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. దొంగ ఖరీదైన కంప్యూటర్లు ముట్టుకోలేదు. డిస్కును నాశనం చేయాలనుకునేవాడు అక్కడే నేలకేసి కొట్టేవాడు; ఇతను మెత్తటి పెట్టెతో సహా జాగ్రత్తగా తీసుకెళ్లాడు. డిస్కుతోపాటు ఒకే ఒక్క బొమ్మ తీశాడు. గదులు కావాల్సిన కృష్ణారావుకు బొమ్మతో పనిలేదు. బొమ్మ మాయం చేయాలనుకుంటే గౌతమ్ తన ఫోనులో ఫోటో ఉంచుకోడు, అడగ్గానే ఇవ్వడు. ఆ బొమ్మలో మారింది ఒక్క ట్యాంకు. ట్యాంకు ఎక్కడుండాలో తెలిసినవాళ్లు ఈ లోకంలో ఇద్దరే. ఒకరికి కంప్యూటరు తెరవడం రాదు.

అనిల్ తన సంచిలోంచి తువ్వాలు చుట్టిన పెట్టె తీసి బల్లమీద పెట్టాడు. సీలు చెక్కుచెదరలేదు.

“కంపెనీ మూసేత్తన్నారు కదా, ఆఖరిది” అన్నాడు తలెత్తకుండా. “నాయనమ్మ గొంతుతో అబద్ధం దారి సూపించడం నాకు బాగోలేదు. నిజం గుర్తు పెట్టీసినాను. సీలు పడిపోయింది. గోడమీద బొమ్మ సూసినాక గానీ తెలవలేదు నాకు, మా అయ్య దాసింది ఊరందరికీ సెప్పీసినానని. పాడుసేద్దారంటే అందులో నాయనమ్మ ఉంది. ఏటి సెయ్యాలో తెలీక రెండ్రోజుల్నించి మోత్తన్నాను.”

విజయ్‌కు కళ్లు చెమర్చాయి. గౌతమ్ లేచి అనిల్ భుజం పట్టుకున్నాడు. ఐశ్వర్య ఢిల్లీరావు వైపు తిరిగింది. విడుదల చేస్తే మీ గుర్తు అందరికీ తెలిసిపోతుందని, వద్దంటే ఇక్కడితో ఆపేస్తానని, మీ ఇల్లు మునిగే పని తను చేయనని చెప్పింది.

మూడూ నలభై ఐదు. ఢిల్లీరావు కొడుకుని చూశాడు, పెట్టెను చూశాడు, చివరికి సుష్మ చేతిలోని కాగితాలు చూశాడు.

“ఇది ఇడిసిపెట్టకపోతే మాయమ్మ గొంతు ఉండదు, అంతేనా?”

అంతేనంది సుష్మ.

“గుర్తు తెలిసిపోతే బండ దొరికీత్తాదేటి? అక్కడ నీటి లాగుడు తెలవాల, వల ఎప్పుడు దించాలో తెలవాల. ముప్పై ఏళ్లు పట్టింది నాకు. రమ్మను, వచ్చినోడిని నా పక్కనే పడవ ఆపుకోమను, సూద్దాం. మూసీడం వాళ్ల ఇష్టమైతే, తెరవడం మా ఇష్టం. నోరు తెరవడానికి మాయమ్మ ఎప్పుడూ ఎవలికీ బయపళ్లేదు.” కొడుకు వైపు పెట్టె తోశాడు. “ఏటలా సూత్తావు? ఇప్పు.”

అనిల్ సీలు చించాడు. నాలుగు గంటలకు ఇంకా ఆరు నిమిషాలుండగా పెదబండ లోకమంతటికీ వెళ్లిపోయింది, ట్యాంకు జంట తాటిచెట్ల మధ్య నిలబడినట్టే. ఆట ఇక టీముదేనన్న కాగితం మీద సుష్మ సంతకం పెట్టి ఐశ్వర్యకు ఇచ్చింది. ఐశ్వర్య దాన్ని రెండుసార్లు చదువుకుని, గదులు ఖాళీ చేయడం లేదని కృష్ణారావుతో చెప్పింది.