ఆరువందల చోట్ల ఇంద్రావతి

ఆ ఉదయం కూడా రాజేశ్వరరావు టీ తాగకముందే ఫోన్ తెరిచి, కూతురి పేరు పక్కనున్న అంకె చూసుకున్నాడు. ఇనుప ఖనిజం గనులున్న కిరండూల్ క్వార్టర్స్‌లో కుళాయిలు ఇంకా రాలేదు. వరండా గచ్చు మీద రాత్రి పడిన ఎర్రధూళిని భార్య అప్పలకొండమ్మ ఊడుస్తోంది.

"ఆరువందలు దాటింది," అన్నాడు.

"మీకదో జబ్బయిపోనాది. పిల్ల లేస్తే పిల్లనడగండి, ఎలగున్నావని."

"నీకేటి తెలుసే? ఇంకో పెద్ద చదువుకున్నోడు తన వ్యాసంలో మన ఇందు వ్యాసం పేరు రాస్తే ఇందులో ఒకటి పెరుగుతాది. సైటేషనంటారు. ఊరికే రాస్తారేటి?"

ఇంద్రావతి హైదరాబాదులో కంప్యూటర్ విజన్ పరిశోధకురాలు. యంత్రానికి చూపు నేర్పడం ఆమె పని. రాసిన ఐదు వ్యాసాల్లో నాలుగింటిని ఎవరూ పట్టించుకోలేదు. ఐదోది మాత్రం ప్రపంచమంతా తిరిగింది. గనిలో ఖనిజం మోసే డంపర్ లారీ వెనక్కి వచ్చేటప్పుడు వెనకాల మనిషి ఉంటే కెమెరా కనిపెట్టి డ్రైవరుకు చెప్పే పద్ధతి అది. అందుకు కావలసిన ఫోటోలు తీసింది రాజేశ్వరరావే. గనిలో ఖనిజం తవ్వి ఎత్తే షావెల్ యంత్రం నడిపే అతను, పైవాళ్ళ అనుమతి తీసుకుని, తోటి పనివాడు హిడ్మాని కొండమీద నడిపించి, కూర్చోబెట్టి, వంగబెట్టి వందలకొద్దీ తీశాడు. ఆ వ్యాసం బలంతోనే ఇప్పుడు ఆమెను ప్రొఫెసర్ ఉద్యోగం ఇంటర్వ్యూకి పిలిచారు. ఆ సాయంత్రం కమ్యూనిటీ హాల్లో సన్మానం.

ఇంద్రావతి లేచి వచ్చి గోడకానుకుని కూర్చుంది. ఇంటికి వచ్చినప్పటినుంచీ ఆమె సరిగ్గా తినడం లేదు.

"ఇందూ, సాయంత్రం పట్టుచీర కట్టుకోమ్మా. పెద్ద సాబ్ వస్తానన్నారు. హిడ్మా అయితే నాకంటే ముందే తయారు. ఫోటోల్లో హీరో నేనే కదా అంటన్నాడు."

"నేను రాను నాన్నా. ప్రోగ్రాం ఆపించండి."

"కాలనీ అంతా చెప్పీసేను. ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోమంటావు? ఆరువందల మంది గొప్పగా రాసినదాన్ని..."

"గొప్పగా రాశారని మీకెవరు చెప్పారు?"

రాజేశ్వరరావు నవ్వబోయి కూతురి ముఖం చూసి ఆగిపోయాడు.

"మొదట్లో కొందరు మంచిగానే రాశారు. ఆ తర్వాత అందరూ, ఇలా చెయ్యకూడదని చెప్పడానికే నా పేరు రాస్తున్నారు. క్లాసుల్లో తప్పుకి ఉదాహరణ నేనే."

"గిట్టనోళ్ళు వంద రాస్తారు."

"ఒక మనిషి చనిపోయాడు నాన్నా."

అప్పలకొండమ్మ చేతిలో చీపురు ఆగింది.

"వేరే రాష్ట్రంలో ఒక బొగ్గుగనిలో దాన్ని పెట్టారు. అక్కడ నేల నలుపు, పనివాళ్ళ బట్టలూ నలుపే. మన ఫోటోల్లో హిడ్మా మావయ్య ఎప్పుడూ ధూళి పట్టి ఎర్రగానే ఉన్నాడు. ఆ ఎరుపు లేనిది మనిషే కాదని యంత్రం నేర్చుకుంది. వెనకాల మనిషున్నా ఎవరూ లేరని చూపించింది. డ్రైవరు నమ్మాడు."

"బొగ్గు నల్లగా ఉంటాదని తెలీదేటి నీకు?" అన్నాడు రాజేశ్వరరావు.

"తెలుసు. తట్టలేదు. ఇక్కడ పుట్టి పెరిగాను. గని అనగానే నా కళ్ళముందు ఎరుపే కనిపిస్తుంది. ఇంకెక్కడా పరీక్షించకుండానే, ఏ గనిలోనైనా పనిచేస్తుందని రాసేశాను."

ఫోటోలు తీసిన అన్నాళ్ళూ ఆ సంగతి రాజేశ్వరరావుకీ తట్టలేదు. ఆ ఆలోచనను పక్కకు నెట్టేశాడు.

"ఇంటర్వ్యూ వాళ్ళకి తెలుసా?"

"వాళ్ళు అంకె చూశారు. లోపల ఏముందో చదివినట్టు లేదు."

"అయితే చెప్పకు."

"ఏటా మాట?" అంది అప్పలకొండమ్మ.

"నువ్వుండు. తప్పు దీనొక్కదానిదేనా? ముందూ వెనకా చూసుకోకుండా పెట్టినోళ్ళది కాదేటి? ఇన్నేళ్ళ చదువు బుగ్గి చేసుకోమంటావా?" అతని గొంతు పక్క క్వార్టర్ దాకా వెళ్ళింది. ఇంద్రావతి గచ్చు మీది ఎర్రధూళిలో వేలితో గీతలు గీస్తూ కూర్చుంది. ఏడవలేదు. అదే అతన్ని భయపెట్టింది.

గొంతు తగ్గించి, "ఆ మనిషి పేరేటి?" అని అడిగాడు.

"తెలీదు."

"ఆరువందల మంది రాశారు కదమ్మా."

"అందరూ నా పేరే రాశారు. ఆయన్ని 'ఒక కార్మికుడు' అన్నారు. నేనూ వెతికాను. ఎక్కడా లేదు."

రాజేశ్వరరావు చేతిలోని ఫోన్‌ను నేలమీద బోర్లా పెట్టాడు. రోజూ పొద్దున్నే పెరిగిందని అతను మురిసిపోయిన ఒక్కొక్క అంకె వెనకా, పేరైనా లేకుండా ఆ మనిషి మళ్ళీ డంపర్ కింద పడుతూనే ఉన్నాడు. తనలాంటివాడు. డ్యూటీకి వెళ్ళి ఇంటికి రానివాడు. రాజేశ్వరరావు రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. అప్పటిదాకా రాయిలా ఉన్న ఇంద్రావతి వచ్చి అతని మోకాళ్ళ మీద తల పెట్టింది.

"సాయంత్రం ప్రోగ్రాం ఆపించీస్తాను. ఇంటర్వ్యూలో జరిగింది చెప్పీ," అన్నాడు కళ్ళు తుడుచుకుని. "ఉద్యోగం పోతే పోనీ. తర్వాత ఆ ఊరెళ్దాం. అడిగితే పేరు ఎవరో ఒకరు చెప్తారు. ఆయన ఇల్లూ చూపిస్తారు."

"వాళ్ళు తలుపు తియ్యకపోతే?"

అప్పలకొండమ్మ కూతురి పక్కన కూలబడి, "తియ్యకపోతే ఆ గుమ్మం బయటే నిలబడదామమ్మా. నిలబడ్డానికైనా మనం ఎల్లాల," అంది.