మునిగిన లాంచీలో కపాలం

శ్రావణానికి ముందు అమావాస్య... 1999... సూర్యగ్రహణం!

పొద్దు గుంకకముందే బాన్సువాడ తలుపులన్నీ బిగుసుకున్నాయి. మబ్బుల మాటున భాస్కరబింబాన్ని రాహువు కబళిస్తుంటే, ప్రాజెక్టు కట్ట మీది తుమ్మల్లో గుడ్లగూబలు వికృతంగా కూశాయి. పాపం, వాటి లెక్కా తప్పినట్టుంది!

కట్ట మీద గొంగడి పరిచి పడుకోబెట్టిన రోజారాణి నోట్లోంచి ధారగా నీళ్లు... చుక్క నీళ్లు గుటకపడని మనిషి నోట్లోంచి నాచు కంపు కొట్టే నల్లటి నీళ్లు! గుడ్లు తేలేసి, మగగొంతుతో గర్జించిందామె.

"నా తల... నా తల నాకు తెచ్చియ్యి...!"

భర్త పండరి ఆమె చెయ్యి వదల్లేదు. విశాఖ సముద్రంలో మునిగిన ఓడల నుంచి ఇనుము తీసే పని ఏళ్ల తరబడి చేసినవాడు. అక్కడినుంచి తెచ్చిన గాలి సిలిండర్లు పక్కనే ఉన్నాయి.

"గ్రహణం విడిచేలోపు కపాలం పైకి రావాలె! లేకుంటే నీ పెండ్లాం ఒడ్డు మీదనే మునిగి సస్తది!" హుంకరించాడు బసవయ్య. సరిహద్దు అవతలినుంచి వచ్చిన క్షుద్రోపాసకుడు. ఈ ప్రాజెక్టు నీళ్లలో ఎన్నడో మునిగిన లాంచీలో తన గురువు కపాలం ఉందనీ, ఆ ప్రేతమే రోజాను పట్టిందనీ తేల్చినవాడు. "దాన్ని ముందుగాల నా చెయ్యే తాకాలె. నేనూ దిగుత."

పండరి తల్లి పోసవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది. "రెండు కోళ్లు మింగిన పొట్టకు గా బెల్టు అందుతదా సామీ?"

"ముసల్దానా! నాలిక కోస్త!"

బెల్టు అందింది... అతికష్టం మీద.

కిందికి... ఇంకా కిందికి... పైనీళ్ల వెచ్చదనం పుటుక్కున తెగిపోయి ఎముకలు కొరికే శీతలాంధకారం! టార్చి వెలుగులో, బురదలో ఒరిగిన లాంచీ... కనుగుంతల్లాంటి కిటికీలు... ఇంజను గదిలో గొలుసుతో బంధించిన కపాలం! దాని దరిదాపుల్లో ఒక్క చేప లేదు.

గొలుసు తెంపి బసవయ్య దాన్ని అందుకున్నాడు. నడుం నుంచి మైనపు బొమ్మ తీసి దాని దవడల మధ్య కుక్కాడు. బొమ్మ చుట్టూ పొడుగాటి వెంట్రుకలు... రోజా ఎర్ర రిబ్బనుతో సహా!

పండరికి అర్థమైంది. ప్రేతం పట్టలేదు... పట్టించింది వీడే! నీళ్లడుగుకు దిగగల మొగుణ్ణి లొంగదీసుకోవడానికి!

కత్తి తళుక్కుమంది. పండరి గాలిగొట్టం తెగి బుడగలు భళ్లున ఎగిశాయి. పనైపోయింది, ఇక పనివాడెందుకు?

కపాలాన్ని రొమ్ముకు హత్తుకుని బసవయ్య పైకి లేచాడు. అరకళ్లు మూసి, ఊపిరి బిగబట్టాడు. కుంభకం! ఒడ్డు చేరేదాకా మంత్రం మధ్యలో శ్వాస వదిలితే సిద్ధి భంగం. అతని నోట బుడగలు ఆగిపోయాయి.

లోతులో పీల్చిన గాలి పైకొచ్చేకొద్దీ ఉబ్బుతుంది. వదులుతూనే రావాలి. ఒడ్డున పండరి నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పిన మాటే అది. ఇప్పుడు కూడా అలవాటు కొద్దీ, 'ఊదు!' అని సైగ చేశాడు. మంత్రం చెడగొట్టే ఎత్తనుకుని బసవయ్య వెటకారంగా నవ్వి, పెదవులు ఇంకా బిగించాడు.

పండరికి మిగిలింది ఒక్క ఊపిరి. దాన్ని వదులుతూ పైకి ఈదాడు.

"రోజా... ఆ... ఆ..."

వదిలినకొద్దీ గుండెల్లో గాలి ఊరుతూనే ఉంది... గంగమ్మ తల్లి దోసిళ్లతో పోస్తున్నట్టు!

పైన బసవయ్య రొమ్ము కొలిమితిత్తిలా ఉబ్బింది... కళ్లు వెళ్లుకొచ్చాయి... అంతే! నోటినుంచి నెత్తుటి మేఘం! చేతులు కొట్టుకున్నాయి. కపాలం దవడలు తెరుచుకుని, బొమ్మను వదిలి, అతని వేళ్లను టక్కున కరిచాయి! కేక నీళ్లలో గుడగుడమంది. శిష్యుణ్ణి గురువు చీకట్లోకి ఈడ్చుకుపోయాడు...

జారుతున్న బొమ్మను పండరి ఒడిసిపట్టాడు.

ఉరుము కట్టను కుదిపింది. ఒడ్డెక్కి, బొమ్మ మీది వెంట్రుకలన్నీ విప్పాడు. రోజా ఆఖరి నీళ్లు భళ్లున కక్కింది. తర్వాత కదల్లేదు.

"ఊపిరున్నదారా?" పోసవ్వ కోడలి మీదికి వంగింది.

ఊపిరి వదలడం పండరికింకా ఆగలేదు. "రోజా... రోజా... రోజా..."

ఆమె రెప్పలు కదిలాయి. సన్నటి గొంతు. ఆమె సొంత గొంతే.

"ఇగ సాలు తియ్... ఎంత ఒర్రుతవ్? ఇనవడుతుంది."