ఆరుమూలల బిళ్లల బొంత

"నా బిడ్డ బొంతలో మా అమ్మ చీరలు తప్ప ఇంకొకరి పోగు కనబడిందంటే… ఈ కడుపుతోనే బస్సెక్కి పెనుకొండకు పోతా! కాన్పు మా అత్తగారింట్లోనే!"

షహీన్ ఆ మాట అనేసరికి, ధర్మవరంలో పరుపులు కుట్టే దాదాపీర్ ఇంట్లో పొయ్యి మీది పాలు కూడా పొంగబోయి, మనకెందుకీ గొడవ అని కిందికి దిగిపోయాయి! తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన పిల్ల అలిగి తిరిగిపోతే ఇంకేమైనా ఉందా! ఆ "ఇంకొకరు" తనేనని మున్నీబీకి తెలియదా? దాదాపీర్‌కు ఆమె రెండో భార్య. హిందూపురం నుంచి ఈ ఇంట అడుగుపెట్టిన నాడు తల్లి లేని షహీన్ చిన్నపిల్ల. ఆ పిల్లకు జడలు వేసింది, జ్వరమొస్తే ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, పెళ్లి చేసి పంపింది. అయినా ఒక్కనాడైనా నోరారా "చిన్నమ్మా" అన్న పిలుపు లేదు… "ఇదో", "ఇంగో" అంటూనే కాలమంతా గడిచిపోయింది! ఇప్పుడా పిల్ల వెళ్లిపోతే, పుట్టబోయే బిడ్డను ఎత్తుకునే భాగ్యమైనా దక్కుతుందా?

"సరే తల్లీ… మీ అమ్మ చీరలతోనే కుడతా. ఆ పెట్టె తాళంచెవి ఇయ్యి."

మున్నీబీ ఫోనులో చూసి నేర్చుకున్న బొంత అది. గట్టి అట్టను ఆరుమూలల బిళ్లలుగా కత్తిరించాలి. ఒక్కో బిళ్లకు గుడ్డ చుట్టి కచ్చా కుట్టు వేయాలి. అంచుకు అంచు చేర్చి కుట్టుకుంటూ పోయి, చివరికి వెనకనుంచి అట్టలు లాగేయాలి. ఆమె కుట్టు మీద చీమను నడిపిస్తే అతుకు ఎక్కడుందో దానికీ తెలియదని దాదాపీర్ బడాయి. ఆ చీమను అడిగి వచ్చిందెవరో మాత్రం చెప్పడు!

మున్నీబీ పెట్టె తెరిచింది. సవతితల్లి చెయ్యి పడకూడదని షహీన్ ఇన్నేళ్లూ తాళంచెవి తన దగ్గరే దాచుకుంది. పట్టుచీరలకు గాలి తగల్లేదు, మడత మారలేదు. మడతమడతకూ పట్టు అప్పడంలా విరిగిపోయింది! అయ్యో… ఈ మాట చెబితే ఆ పిల్ల తట్టుకుంటుందా? తల్లి గుర్తును నా చేతులతో నేనే పాడు చేసుకున్నానని కుమిలిపోదా, అదీ నిండు గర్భిణి!

మున్నీబీ దాదాపీర్‌కు తప్ప ఆ మాట చెప్పలేదు. చివికిపోగా మిగిలిన గట్టి పీలికలు ఏరింది. ఒక్క బిళ్ల నిండేంత ముక్క లేదు. ఎర్రదొకటి, ఆకుపచ్చదొకటి, జరీ అంచుదొకటి… నాలుగైదు కలిపితేగాని ఒక బిళ్ల కాలేదు. అవి కూడా సూది గుచ్చితే పిగిలిపోతున్నాయి! వెనక మెత్తటి గుడ్డ ఆధారం ఉండాలి. లేచి, తన నిఖానాటి నీలిపూల నూలుచీర తీసి కత్తెర పెట్టింది. కనబడితేనే కదా పోతానంది… పైన పట్టు, వెనక దూది. మధ్యలో నేనున్నట్టు ఎవరికి తెలుస్తుంది?

బొంత పైభాగం తయారైంది. దాదాపీర్ ఏకిన దూది మోసుకొచ్చాడు, గడ్డం కూడా దూదే! అంతలో షహీన్ చాప మీద చతికిలబడింది.

"అట్టలు నేనే తీస్తా."

"వద్దు పాపా! నడుము నొస్తుంది… నేను తీస్తాలే!"

"ఏం, నేను తీస్తే నీకేంటికి భయం?" అంటూ షహీన్ ఒక అట్ట లాగింది. కింద నీలిపూలు! ఇంకొకటి లాగింది. నీలిపూలే!

మున్నీబీ కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఇది… నీ నిఖా చీర గదా! పండక్కి గూడా బయటికి తీయవే!"

"తప్పైంది తల్లీ! పైకి కనపడదు. ఒద్దంటే ఇప్పుడే పీకేస్తా… పెనుకొండకు మాత్రం పోవాకు!"

"పీకితే మీ అమ్మ చీరలు పొడి పొడే!" అన్నాడు దాదాపీర్ ఆగలేక. "ఎన్నేండ్లు బిగించి పెట్టినావమ్మా ఆ పెట్టె! పట్టుకు ఊపిరాడొద్దా?"

"నువ్వు గమ్మునుండవయ్యా!" అని మున్నీబీ కసిరింది… జీవితంలో మొదటిసారి!

షహీన్ వేలితో ఒక పీలికను తాకింది. తల్లి చీర… మట్టిలా రాలాల్సింది, ఈమె చీరను పట్టుకుని నిలబడి ఉంది! కన్నీళ్లు ధారగా కారాయి.

"మిగిలిన చీర యాడ?"

"యాడుండాది తల్లీ… అంతా దీంట్లోకే పాయ."

షహీన్ కత్తెర అందుకుని నడిమి బిళ్ల కుట్లు విప్పింది. పట్టు ఒకవైపు, నీలిపూల గుడ్డ ఒకవైపు, రెండూ పైకే కనబడేట్టు అట్ట మీద పరిచింది.

"ఇట్ల అతికిచ్చు చిన్నమ్మా."

మున్నీబీ కళ్లు తుడుచుకుంది. సూది పట్టింది… ఆగింది.

"మీ అమ్మది పైకొచ్చేట్టు పెడతా."

"ఆరు మూలలుంటే పైనేది, కిందేది? నా బిడ్డ యాడ తల పెడితే ఆడ పైన!" అంది షహీన్, ముక్కు చీదుకుంటూ. "కుట్టు!"