ఏడో పోటు

చింతమడుగు రాజ్యంలో కోట తలుపు ఒక్క ఇంగ్లీషు మాటతో మూసుకుపోయింది, రాజు లోపలే చిక్కుకున్నాడు. ఒక మాంత్రికుడు దానిమీద 'ఇంటర్నేషనలైజేషన్' అని చెక్కిపోయాడు. పొద్దున్నే మొదటి అక్షరం దగ్గర బయల్దేరిన చీమ, మధ్యాహ్నానికి సగం దారిలో ఆగి భోంచేసేది. మాట సరిగ్గా పలికితే శాపం పోతుంది. తప్పితే పలికినవాళ్లు రాళ్లవుతారు.

"మాటలో ప్రతి ముక్కనీ ఒకే బలంతో మోది పలకండి" అని ఆస్థాన గురువు శరభయ్య అందరికీ నేర్పాడు. తను మాత్రం తలుపు ముందు నోరు తెరవలేదు. నాలుగు వందల పన్నెండు మంది రాళ్లయ్యారు. ఆఖరివాడు గంగులు, వడ్లు దంచే కోటమ్మకి అన్న.

"వీడిది మోటు నాలుక. నా పాఠం తప్పు కాదు" అన్నాడు శరభయ్య.

కోటమ్మకి ఒళ్లు మండింది. ఆ మాట సరిగ్గా నేర్పేవాళ్లని వెతుక్కుంటూ, రోకలి భుజాన వేసుకుని అడవికి పోయింది. ఏడు అడవుల అవతల, తొంభై ఏళ్లుగా ఒంటికాలిమీద ఉన్న కొంగముని కనిపించాడు.

"ఎడ్యుకేషన్ అను. తప్పితే ఇక్కడా రాయే" అన్నాడు ముని.

గురువు నేర్పినట్టే అన్నింటినీ మోదింది. పాదం రాయయింది.

"ఇన్ఫర్మేషన్."

ఈసారి మొదటి ముక్కని మోదింది. మోకాలిదాకా రాయయింది.

"మా అన్న ప్రాణం పోతుంటే ఈ పరీక్షలేంటి స్వామీ? ముందే చెప్పచ్చుగా."

"అడగడానికి వచ్చింది నువ్వొక్కదానివే, పిల్లా. రోలు చుట్టూ చేరి దంచేప్పుడు అందరూ ఒకేసారి వేస్తారా?"

"వేస్తే రోకళ్లు గుద్దుకుంటాయి. వరసగా వేస్తాం. పెద్ద పోటు ఒక్కరిదే."

"మాటా అంతే. తోక 'షన్' అయితే, దాని ముందు ముక్కదే పెద్ద పోటు. మిగతావి తేలిగ్గా."

కోటమ్మ రోకలి నేలకి ఆనించి, "ఎ, డ్యు, కే, షన్" అంది. 'కే' దగ్గర గట్టిగా మోదింది. కాలు కాలయింది.

కోట దగ్గర శరభయ్య అడ్డు నిలిచాడు. "దంపుడు పిల్లకి ఇంగ్లీషేంటే?"

"పక్కకి జరగండి గురువుగారూ. రోకలి తగుల్తుంది."

ఇన్, టర్, న్యా, ష, న, లై అని ఆరు పోట్లు తేలిగ్గా వేసింది. ఏడోది అన్నమీద దిగులంతా కలిపి వేసింది. "జే". తర్వాత మెల్లగా "షన్".

తలుపు ఊడిపడింది. రాళ్లన్నీ మళ్లీ మనుషులయ్యాయి. గంగులు తుమ్మి, "ఆకలే చెల్లీ" అన్నాడు.

సంతోషించిన రాజు ఆమెని ఆస్థాన గురువుని చేశాడు. శరభయ్య ఇప్పుడు రోజూ బస్తా వడ్లు దంచుతున్నాడు. ఏడో పోటు ఇంకా తప్పుతూనే ఉంది.